నాగమ్మకు ఎన్ని గతాలు!

కథల అరుగు

చేసిన పని ఒకటే. దాని వెనక చెప్పే కథ మారితే మాత్రం దుర్మార్గురాలు ధీశాలి అవుతుంది, బందిపోటు బంధువవుతాడు. కథలో పాత్రకు గతాన్ని అమర్చడంలో ఉన్న కిటుకు అదే. ఆ కిటుకు నేర్చుకోవాలంటే పల్నాడును మించిన బడి లేదు.

పల్నాడులో ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా నాయకురాలు నాగమ్మ పేరెత్తి చూడండి. 'పచ్చగా ఉన్న రాజ్యాన్ని రెండు ముక్కలు చేసింది' అని ఒకాయన మొదలుపెడతాడు. పక్కనున్నాయన ఊరుకోడు. 'మగమంత్రి ఎత్తు వేస్తే రాజనీతి, ఆడమంత్రి వేస్తే కుట్రా?' అని ఎదురడుగుతాడు. అటుగా వెళ్తున్న మామ్మ ఆగి, 'చిన్నతనంలోనే మొగుడు పోయిన పిల్ల. ఆ రోజుల్లో అంతదూరం నెగ్గుకొచ్చిందంటే మాటలా నాయనా!' అంటుంది.

ముగ్గురూ మాట్లాడేది ఒకే మనిషి గురించి. ఆమె చేసిన పనుల విషయంలో ముగ్గురికీ పేచీ లేదు. కోడిపందెం నిజం, ఓడినవారి వనవాసం నిజం, రాయబారానికి వచ్చిన అలరాజు తిరిగి వెళ్ళకపోవడం నిజం. తేడా అల్లా కథను ఎక్కణ్నుంచి మొదలుపెట్టారన్నదే. మొదటాయన కోడిపందెం దగ్గర మొదలుపెట్టాడు. రెండో ఆయన గురజాల కొలువులో మొదలుపెట్టాడు. మామ్మ మాత్రం ఇంకా వెనక్కి వెళ్ళి, పసుపుకుంకుమలు పోగొట్టుకున్న ఓ పల్లెటూరి పిల్ల దగ్గర మొదలుపెట్టింది.

కథలు రాసేవాళ్ళు 'పాత్రకు గతం ఉండాలి' అంటుంటారు. మన సినిమా భాషలో చెప్పాలంటే ఫ్లాష్‌బ్యాక్. ఒకే పాత్రకు రెండు మూడు రకాల గతాలు ఇచ్చి చూస్తే ఏం జరుగుతుంది? ఎనిమిది వందల ఏళ్ళుగా పల్నాడు చేస్తున్న పని అదే.

జిట్టగామాలపాడు నుంచి కొలువుదాకా

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర్లో జరిగిందని చరిత్రకారులు చెబుతారు. అనుగురాజు కొడుకుల్లో నలగామరాజుది గురజాల. సవతి తమ్ముడు మలిదేవరాజుది మాచర్ల. మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు, గురజాల పక్షాన నాగమ్మ. పంతాలు పెరిగి, పందేలు కాసి, చివరికి కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున కత్తులు దూసుకున్నారు. ఇది అందరికీ తెలిసిన కథే.

మరి నాగమ్మ ఎక్కణ్నుంచి వచ్చింది? గురజాల దగ్గర జిట్టగామాలపాడు ఆమె ఊరని పల్నాడులో చెబుతారు. కాదు, కరీంనగర్ ప్రాంతంలో పుట్టి, తండ్రితో కలిసి మేనమామ ఊరికి వచ్చిందని ఇంకో కథనం. చిన్న వయసులోనే భర్త పోయాడన్నది ఎక్కువమంది చెప్పే మాట. వేటకు వచ్చి అలసిపోయిన అనుగురాజుకూ పరివారానికీ ఆమె ఘనంగా ఆతిథ్యం ఇచ్చిందట. మెచ్చిన రాజు ఏంకావాలో కోరుకోమన్నాడు. నగలడగలేదు, మాన్యాలడగలేదు. ఏడు గడియలపాటు మంత్రి పదవి అడిగింది! రాజు సరేనన్నాడు. ఆమె వెంటనే వాడుకోలేదు. దాచిపెట్టుకుని, నలగామరాజు కాలంలో బయటికి తీసింది.

ఆ ఏడు గడియల కోరికను ఎలాగైనా చెప్పొచ్చు. అధికార దాహం మొదట్నుంచీ ఉందనడానికి సాక్ష్యంగా చూపించొచ్చు. ఆస్తి ఇస్తే బంధువుల పాలవుతుంది, పదవైతే తన చేతుల్లో ఉంటుందని లెక్క వేసుకున్న ఒంటరి ఆడదాని తెలివిగానూ చెప్పొచ్చు. ఇంకొందరు ఈ గొడవనంతా శైవానికీ వైష్ణవానికీ మధ్య పోరుగా వివరిస్తారు. అలా చెబితే నాగమ్మ తన మతం కోసం నిలబడిన మనిషి అవుతుంది. సంఘటన మారలేదు. మనసులో ఏముందన్నదే మారింది.

బ్రహ్మనాయుడికీ ఇలాగే రెండు మూడు ముఖాలున్నాయి. అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కథతో మొదలుపెడితే ఆయన సంస్కర్త. మాల కులంలో పుట్టిన కన్నమదాసును సేనానిని చేసిన పెద్దమనసు కనిపిస్తుంది. కోడిపందెం దగ్గర మొదలుపెడితే ఆయనా పంతానికి పోయి రాజ్యాన్ని ఒడ్డిన మనిషే. యుద్ధం ముగిశాక గుత్తికొండ బిలానికి వెళ్ళిపోయాడన్న దగ్గర్నుంచి వెనక్కి చెప్పుకొస్తే విరాగి.

పాడేవారిని బట్టి పాత్ర

ఏటా కార్తీకంలో కారెంపూడి వీర్ల గుడి దగ్గర 5 రోజుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఒక్కోరోజు కథలో ఒక్కో ఘట్టం. వీరుల కొణతాలకు పూజలు చేస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. తరతరాలుగా ఈ కథను గొంతులో మోసుకొచ్చింది ప్రధానంగా దళిత గాయకులే. కన్నమదాసు ఈ కథలో అంత ఎత్తున నిలబడటానికీ, చాపకూడు ముచ్చట చెరిగిపోకుండా ఉండటానికీ ఆ గొంతులే ఆధారం.

ఆ పాటలో పాత్రల గతం ఈ జన్మతో ఆగదు. బ్రహ్మనాయుడు విష్ణువు అంశ. అంటే అతని కథ భూమ్మీద మొదలైంది కాదు! జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోటి నుంచి ఈ కథను రాసుకుని, ఇంగ్లిషులోకి అనువదించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి అది పుస్తకంగా వచ్చింది. పల్నాడు పల్లె గొంతు అలా ప్రపంచమంతా వినపడింది.

అంతకు చాలాముందే, 15వ శతాబ్దిలో శ్రీనాథుడు ఈ కథను ద్విపదలో రాశాడని ప్రతీతి. దొరికినంతలో అది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధం కథ. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చు వేయించారు. ఆ తర్వాత నాజర్ బుర్రకథలో పల్నాటి యుద్ధం ఊరూరా మోగింది. సినిమాలూ వచ్చాయి. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'ను మొదలుపెట్టింది 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మం. ఆయన మధ్యలో కన్నుమూస్తే ఎల్వీ ప్రసాద్ పూర్తిచేశారు. అందులో కన్నాంబ నాగమ్మ. 1966లో వచ్చిన రెండో సినిమాలో భానుమతి నాగమ్మ, ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు. కన్నాంబనూ భానుమతినీ పెట్టుకున్నారంటేనే అర్థమవుతుంది, నాగమ్మ వట్టి 'విలనీ' కాదని. పక్కకు నెట్టేద్దామన్నా నెట్టలేని పాత్ర అది.

ఒక్క బొంగరం చాలు

గతం చెప్పడమంటే పుట్టుక నుంచి పూసగుచ్చడం కాదు. అందుకు ఇదే కథలో చక్కటి ఉదాహరణ ఉంది. బాలచంద్రుడు గారాబంగా పెరిగిన కుర్రాడు. తనవాళ్ళు పడుతున్న అవస్థ అతనికి తెలియదు. ఓరోజు వీధిలో బొంగరం తిప్పుతుంటే అది ఎగిరి ఓ ఆడమనిషి కాలికి తగిలింది. నెత్తురు చూసుకున్న ఆమె కోపంలో నాలుగు మాటలు విసిరింది. నీ వాళ్ళు అడవుల్లో అగచాట్లు పడుతుంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అన్నది ఆ మాటల సారం. కుర్రాడి ఆట అక్కడితో ఆగిపోయింది.

అంతే. యుద్ధభూమిలో బాలచంద్రుడు ఎందుకంత తెగించాడో చెప్పడానికి వంద పేజీలు అక్కర్లేదు. ఆ తెగువ వెనక వీరత్వమే కాదు, సిగ్గు కూడా ఉంది. వీధిలో పదిమంది ముందు పడిన మాట ఉంది. కథకుడు ఇచ్చింది చిన్న వస్తువు, చిన్న గాయం. మిగతాదంతా వినేవాడే అల్లుకుంటాడు.

సత్తెనపల్లి గడ్డమీద మరో పాఠం

సత్తెనపల్లి, నరసరావుపేటల మధ్య ఉన్న మండల కేంద్రం ముప్పాళ్ళ. వీరుల కథ నడిచిన మాచర్ల, గురజాలలు దీనికి పడమటి దిక్కున ఉన్నాయి. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అన్నీ ఒకే జిల్లాలోకి వచ్చాయి. పాత సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడులోనే 1877లో ఉన్నవ లక్ష్మీనారాయణ పుట్టారు. పాత్రకు గతం ఎంత బలమిస్తుందో తెలుగు నవల ఆయన దగ్గర నేర్చుకుంది.

పల్నాడు అటవీ సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్ళిన ఉన్నవ అక్కడే 'మాలపల్లి' రాశారు. 1922లో అచ్చయిన ఆ నవల నిషేధానికీ గురైంది. అందులో తక్కెళ్ళ జగ్గడు అనే బందిపోటు ఉన్నాడు. ఉన్నవారిని దోచి లేనివారికి పెడతాడు. నవల అతను దోపిడీకి దిగడంతో మొదలైతే పాఠకుడు పోలీసుల పక్షాన నిలబడేవాడు. కానీ ఉన్నవ మనల్ని ముందు రామదాసు ఇంటికి తీసుకెళ్తారు. భక్తితో, కష్టంతో బతికే దళిత కుటుంబం అది. చిన్నకొడుకు సంగదాసు మంచితనమే పెట్టుబడిగా బతికినవాడు. భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణాలొదిలాడు. పెద్దకొడుకు వెంకటదాసు. ఆ వెంకటదాసే జగ్గడయ్యాడు.

ఆ ఇంటి పొయ్యి దగ్గర కాసేపు కూర్చున్నాక జగ్గణ్ని వట్టి దొంగ అనడానికి నోరు రాదు. అలాగని దోపిడీ ఒప్పయిపోదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు శాంతి దారిన, మరొకడు కత్తి దారిన వెళ్ళారు. గతం ఒకటే అయినా దారులు రెండయ్యాయి. కాబట్టి గతమే మనిషిని నడిపించేస్తుందనీ అనలేం.

ఆ ఉన్నవే పల్నాటి కథను నాటకంగానూ రాశారు. దానికి పెట్టిన పేరు 'నాయకురాలు'. బ్రహ్మనాయుడి పేరు పెట్టలేదు, బాలచంద్రుడి పేరు పెట్టలేదు. వితంతు వివాహాలకు అండగా నిలిచి, స్త్రీ విద్య కోసం 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టిన మనిషి ఆయన. నాగమ్మ కథలో చిన్ననాటి వైధవ్యం అన్న చిన్నమాట అలాంటి మనిషి చెవికి ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

శాపం నుంచి ఫ్లాష్‌బ్యాక్ దాకా

నిజానికి మన పురాణాలకు ఈ విద్య కొత్తకాదు. రావణ కుంభకర్ణులు ఎవరంటే వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులు. మునుల శాపంతో మూడు జన్మలెత్తారు. ఆ ఒక్క శాపం కథతో రాక్షసుడి మీద కోపంతోపాటు కాస్త జాలీ పుడుతుంది.

పుట్టుపూర్వోత్తరాలను ఆయుధంగా వాడిన ఘట్టం చూడాలంటే 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' ఉండనే ఉంది. విప్పర్లలో పుట్టిన కొండవీటి వెంకటకవి ఆ సినిమాకు మాటలు రాశారు. విద్యల ప్రదర్శనలో కర్ణుడి కులం ప్రశ్న వస్తుంది. దుర్యోధనుడు దానికి జవాబు చెప్పడు. అడిగిన పెద్దల పుట్టుకలనే ఒక్కొక్కటిగా తవ్వి బయటపెడతాడు. ఒకరి గతం అడిగినవాడు తన గతమూ చెప్పాల్సి వస్తుందన్నది అక్కడి దెబ్బ. ఆ సన్నివేశం తర్వాత దుర్యోధనుణ్ని పూర్తిగా ద్వేషించడం ప్రేక్షకుడి తరం కాలేదు.

1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' ఆడిన రోజుల్లో ఈ ఫ్లాష్‌బ్యాక్ మోజు తారస్థాయికి చేరింది. హోటల్లో పనిచేసే అబ్బులు ఎవరో, కాశీలో ట్యాక్సీ నడిపే శంకర్‌నారాయణ ఎవరో తెలిసేసరికి హాలంతా ఈలలు! అక్కడ గతం ఓ తాళంచెవి. తలుపు తెరుచుకున్నాక దాంతో పనిలేదు. అది తప్పేం కాదు, సినిమాకు ఆ ఊపు కావాలి. కానీ ఇలాంటి కథల వరస పెరిగేకొద్దీ ఓ చిక్కొచ్చింది. కత్తి పట్టడానికి కారణం చూపిస్తే చాలు, కత్తి పట్టడం గొప్పే అన్నట్టు తయారైంది. కొన్ని ప్రాంతాల పేరు చెబితే బాంబులే గుర్తుకొచ్చే పరిస్థితి కొంత ఈ ఫ్లాష్‌బ్యాకుల పుణ్యమే.

బయటి దేశాల్లోనూ ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన 'జేన్ ఐర్' నవలలో బెర్తా అనే మతిచెడిన భార్య పై అంతస్తు గదిలో బందీగా ఉంటుంది. ఆమె మాట మనకు వినపడదు. కరీబియన్ దీవుల్లో పుట్టిన జీన్ రీస్‌కు అది నచ్చలేదు. బెర్తాకు బాల్యాన్నీ, ఊరినీ, సొంత పేరునూ ఇచ్చి 'వైడ్ సర్గాసో సీ' రాశారు. అది వచ్చింది 1966లో. తెలుగు తెరమీద భానుమతి నాగమ్మగా కనిపించిన సంవత్సరమే! మన ఓల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలకు చేసిందీ అలాంటి పనే. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ముప్పాళ్ళలో ఓ సంతకం

ఇదంతా పెద్ద రచయితలకేగానీ మనకెందుకు అనుకోకండి. ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసి చూడొచ్చు. ఉదాహరణకు ఓ పాత్రను ఊహించుకుందాం. పేరు సీతారావమ్మ. వయసు 55. ఉండేది ముప్పాళ్ళలో. ఎకరంన్నర మిర్చి చేనుంది. ఆమెకో అలవాటు. ఏ కాగితమైనా సరే, రెండుసార్లు చదవందే సంతకం పెట్టదు. పాలకేంద్రం రసీదైనా అంతే. ఊళ్ళో కుర్రాళ్ళు చాటుగా 'లాయరమ్మ' అని నవ్వుకుంటారు.

ఎందుకలా? మూడు గతాలు అనుకుందాం.

మొదటిది. ఆమె చిన్నప్పుడు తండ్రి ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేశాడు. అంకె తర్వాత ఎవరో వేసుకున్నారు. చేను పోయింది. ఆ కసితో ఆమె రాత్రిబడికి వెళ్ళి చదువు నేర్చుకుంది.

రెండోది. భర్త స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టాడు. పత్తి పోయిన ఏడాది ఆ స్నేహితుడు ఊరొదిలాడు. బాకీ వీళ్ళ మెడకు చుట్టుకుంది. పదేళ్ళు కట్టారు. భర్త హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేసి చేసి, అక్కడే పోయాడు.

మూడోది. ఇది కాస్త చేదు. పుట్టింటి పొలం పంచేటప్పుడు చెల్లెలికి వాటా ముట్టిందని రాసిన కాగితం మీద సీతారావమ్మ సాక్షి సంతకం పెట్టింది. ముట్టలేదని ఆమెకు తెలుసు. అన్న మాట కాదనలేక పెట్టింది. చదువురాని చెల్లెలు అక్కను నమ్మి వేలిముద్ర వేసింది. ఆ తర్వాత మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

అలవాటు ఒకటే. మనుషులు మాత్రం ముగ్గురు. నమ్మకం కుదరకపోతే ఓ పరీక్ష పెట్టి చూడండి. అన్న కొడుకు వచ్చాడు. 'అత్తా, ట్రాక్టరు కొంటున్నా. ఫైనాన్సువాళ్ళు హామీ అడుగుతున్నారు. ఇక్కడో సంతకం పెట్టు' అన్నాడు.

మొదటి సీతారావమ్మ కళ్ళజోడు తెచ్చుకుంటుంది. కాగితాలన్నీ చదువుతుంది. ఖాళీగా వదిలిన గళ్ళన్నీ నింపించి, అప్పుడు పెడుతుంది. ఆమెకు అప్పంటే భయంలేదు, ఖాళీ కాగితమంటేనే భయం.

రెండో సీతారావమ్మ కాగితం ముట్టుకోదు. లోపలికెళ్ళి చేతిగాజులు తీసి మేనల్లుడి చేతిలో పెడుతుంది. 'ఇవి అమ్ముకో. ఇచ్చింది పోతే పోతుంది. రాసింది మాత్రం పోదురా' అంటుంది. 

మూడో సీతారావమ్మ కాగితం వైపు చూడను కూడా చూడదు. కాసేపు ఆగి, 'మీ చిన్నత్తతో చెప్పావా?' అని అడుగుతుంది. కుర్రాడికి అర్థంకాదు. ఇంట్లో ఉన్న అతని తండ్రికి మాత్రం తెలుస్తుంది. ట్రాక్టరు కథ అక్కడితో ఆగి, పాతికేళ్ళనాటి పొలం కథ మొదలవుతుంది.

చూశారా! మొదటి గతం నుంచి పట్టుదల పుట్టింది. రెండో దాన్నుంచి భయమూ, దాంతోపాటే ఔదార్యమూ పుట్టాయి. మూడో దాన్నుంచి కథే పుట్టింది. ఎందుకంటే మొదటి రెండింట్లో ఆమెకు ఎవరో అన్యాయం చేశారు. మూడో దాంట్లో ఆమె చేసింది. తనకు జరిగినదాన్ని మనిషి పదిమందికీ చెప్పుకోగలడు. తాను చేసినదాన్ని దాచుకుంటాడు. దాచుకున్నది ఉన్నచోటే పాఠకుడు చెవి రిక్కిస్తాడు.

ఓ చిన్న కొలబద్ద

ఈ ఆట నుంచి కొన్ని సూత్రాలు వాటంతటవే తేలతాయి.

* గతం మార్చినా పాత్ర తర్వాత చేసే పని మారకపోతే ఆ గతం అనవసరం. నిర్మొహమాటంగా కొట్టేయొచ్చు.

* పెద్ద ఘోరం కంటే చిన్న వస్తువు ఎక్కువ పనిచేస్తుంది. బాలచంద్రుడికి బొంగరం, సీతారావమ్మకు కళ్ళజోడు.

* అంతా మొదటి పేజీలోనే చెప్పేయకూడదు. కొత్తగా పరిచయమైనవాళ్ళు మొదటిరోజే జీవితమంతా ఏకరువు పెడితే మనం లేచి పోతాం. పాఠకుడూ అంతే.

* ఒక్క కారణంతో మనిషి మొత్తాన్నీ వివరించాలని చూడొద్దు. అన్నం పెట్టిన నాగమ్మ, పదవి అడిగిన నాగమ్మ, పందెం కట్టిన నాగమ్మ... ముగ్గురూ ఒకరే కాబట్టే ఆమె ఇన్నాళ్ళు బతికింది.

* రాసేవాడికి పది విషయాలు తెలిసుండాలి. పాఠకుడికి రెండు చెబితే చాలు.

పేరిందేవి సంగతేమిటి?

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటుంది. నాగమ్మ గతం ఎంత జాలిగొలిపేదైనా, అలరాజుకు జరిగింది మారదు. రాయబారిగా వచ్చినవాడు విషానికి బలయ్యాడు. అతని భార్య పేరిందేవి నలగామరాజు కూతురే. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య నలిగి, భర్తతోపాటు సహగమనం చేసిందని కథ. నాగమ్మ వైపు నుంచి కథ చెప్పేవాళ్ళు ఆమె వైధవ్యాన్ని గుర్తుచేస్తారు. మంచిదే. కానీ అదే నోటితో పేరిందేవి పేరూ ఎత్తాలి. ఒకరి గతానికి చోటివ్వడం కోసం ఇంకొకరి వర్తమానాన్ని చెరిపేస్తే అది కథ కాదు, వకాల్తా.

గతం చెప్పేది శిక్ష తగ్గించమని అడగడానికి కాదు. ఆ మనిషి ఎదుట ఆ క్షణంలో ఏయే దారులున్నాయో, అన్నిట్లో ఆ దారే ఎందుకు పట్టాడో చూపించడానికి. చూశాక తీర్పు మనిష్టం. పల్నాటి కథలోనే ఆ మాటకు సాక్ష్యముంది. అంత రక్తపాతం జరిగాక బ్రహ్మనాయుడు మళ్ళీ నలగాముడికే రాజ్యం అప్పగించి వెళ్ళిపోయాడంటారు. అన్నీ తెలిసిన మనిషి తీసుకున్న నిర్ణయమది.

ఇది కథలు రాసేవాళ్ళకే పనికొచ్చే సంగతీ కాదు. కొత్తకోడలు ముభావంగా ఉంటే 'పొగరు' అంటాం. ఎదురింటాయన ఎవరితోనూ కలవకపోతే 'పిసినారి' అంటాం. తరగతిలో వెనక బెంచీ పిల్లాడు హోంవర్కు చేయకపోతే 'మొద్దు' అంటాం. మనకు తెలియకుండానే వాళ్ళందరికీ ఓ గతాన్ని అంటగట్టేస్తున్నాం. అదీ ఒకే ఒక్క గతాన్ని! నాగమ్మకు మూడు నాలుగు గతాలున్నప్పుడు పక్కింటివాళ్ళకు కనీసం రెండైనా ఉండవా?

ఈ వారం అరుగు పని: భోజనాలయ్యాక ఇంట్లో అందరూ తలో కాగితం తీసుకోండి. ఒకే వాక్యం రాయండి: 'ఆవిడ రోజూ రాత్రి ఒక ప్లేటు ఎక్కువ పెడుతుంది.' ఎందుకో ఎవరికివారు పది వాక్యాల్లో రాసి, పైకి చదవండి. నానమ్మ రాసింది మాత్రం ఆఖర్న చదవండి. ఆవిడ దగ్గరుండే గతాలు మీకెవ్వరికీ తట్టవు.